మీ అడ్వాన్సు గురించి, మేం మార్చుకున్న పద్ధతుల గురించి

స్టూడియోకి వచ్చే అందరికీ నమస్కారం.

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మా దగ్గర డబ్బు కట్టే పద్ధతి మారుతోంది. ఏం మారుతోందో రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. ఎందుకు మారుస్తున్నానో చెప్పకపోతే మాత్రం సగం దాచిపెట్టినట్టే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఫిబ్రవరిలో ఒకావిడ ఫోన్ చేశారు. ఇంటిల్లిపాదీ కలిసి ఫోటోలు తీయించుకోవాలని రెండు నెలల ముందే బుక్ చేసుకుని, సగం డబ్బు అడ్వాన్సుగా కట్టినావిడ. వాళ్ళమ్మగారికి ఒంట్లో బాగాలేదని, షూట్ మానుకుంటున్నామని చెప్పారు. మా షరతుల ప్రకారం అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చేయాలి. "అలాగేనండీ, పంపిస్తాను" అన్నాను. ఫోన్ పెట్టేసి ఖాతా చూసుకుంటే అందులో అంత డబ్బు లేదు. పది రోజుల ముందే కొత్త లైటు కొన్నాను. అది ఆవిడ డబ్బుతో కొంటున్నానన్న సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు. ఖాతాలో ఉంది కాబట్టి నాదే అనుకున్నాను. వేరే ఇద్దరి దగ్గర్నుంచి రావాల్సిన బ్యాలెన్సులు వచ్చాక, 19 రోజులకి ఆవిడ డబ్బు ఆవిడకి చేరింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. ఆసుపత్రి ఖర్చుల్లో ఉన్న మనిషిని నేను 19 రోజులు ఆగమన్నాను. ఇది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అప్పటిదాకా చెల్లింపుల సంగతి వచ్చినప్పుడల్లా నేను చూసింది ఒక్కటే: ఎందులో కమిషన్ తక్కువ, ఎందులో డబ్బు తొందరగా వస్తుంది. ఆ ఫోన్ తర్వాత ఇంకో ప్రశ్న ముందుకొచ్చింది. మీరు డబ్బు కట్టిన రోజుకీ, ఫోటోలు మీ చేతికి అందిన రోజుకీ మధ్య ఆ డబ్బు ఎవరిది? అకౌంట్లు రాసేవాళ్ళకి దీని జవాబు ఎప్పుడో తెలుసు. చేయని పనికి తీసుకున్న అడ్వాన్సుని వాళ్ళు ఆదాయం కింద రాయరు, బాకీ కింద రాస్తారు. నాకూ పుస్తకాల్లో అలా రాయాలని తెలుసు. కానీ పుస్తకంలో రాసింది ఒకటి, చేతిలో జరిగేది ఇంకొకటి.

కాబట్టి మొదటి మార్పు ఇది. అడ్వాన్సుల కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచాం. మీ షూట్ అయిపోయేదాకా మీ డబ్బు అందులోనే ఉంటుంది. అద్దె, జీతాలు, సామాను, ఏదీ అందులోంచి కట్టం. షూట్ అయిన మర్నాడు అది మా మామూలు ఖాతాలోకి మారుతుంది. మీరు రద్దు చేసుకుంటే షరతుల ప్రకారం రావాల్సింది మూడు పనిదినాల్లోపు మా వైపు నుంచి బయల్దేరుతుంది. అక్కడి నుంచి మీకు చేరడానికి బ్యాంకు తీసుకునే సమయం మా చేతిలో లేదు, కార్డుకి తిరిగి వెళ్ళాల్సిన డబ్బయితే ఇంకొన్ని రోజులు అదనంగా పట్టొచ్చు.

అడ్వాన్సు కూడా తగ్గిస్తున్నాం. ఇదివరకు బుకింగ్ అప్పుడే సగం తీసుకునేవాళ్ళం. ఇకమీదట బుకింగ్‌కి 30 శాతం, షూట్ రోజున 40, ఫోటోలు చూసుకుని బాగున్నాయన్నాక మిగతా 30. చివరి 30 మీ చేతిలో ఉండటం నాకు ముఖ్యం. ఎడిటింగ్ ఆలస్యమైతే ఆ బరువు నా మీద కూడా పడాలి.

ఇక కార్డుల సంగతి. ఇక్కడే నేను ఎక్కువ కాలం తటపటాయించాను. కార్డు తీసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక నిజమైన ఉదాహరణ ఉంది. అమెరికాలో జిమ్ మెకెల్వీ అనే గాజు కళాకారుడు, కొనేవాళ్ళ దగ్గరున్న కార్డు తీసుకునే ఏర్పాటు లేక తను చేసిన గాజు వస్తువు అమ్ముకోలేకపోయాడు. ఆ అనుభవంలోంచే 2009లో జాక్ డోర్సీతో కలిసి స్క్వేర్ అనే చెల్లింపుల సంస్థ పెట్టాడు. ఒక చిన్న స్టూడియోలో చేజారిన అమ్మకం అది. మా దగ్గర కూడా అలా వెనుదిరిగిన వాళ్ళున్నారు. నాకు తెలిసినవాళ్ళు ముగ్గురు. చెప్పకుండా వెళ్ళినవాళ్ళు ఎంతమందో.

కార్డులో ఖర్చు నిజంగానే ఉంది. మీరు కట్టినదాంట్లో మీ కార్డు ఇచ్చిన బ్యాంకుకి కొంత, వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్‌కి కొంత, డబ్బు మాకు చేర్చే సంస్థకి కొంత పోతుంది. అందులో పెద్ద వాటా మామూలుగా మీ బ్యాంకుదే. మాకు అన్నీ కలిపి నూటికి దాదాపు 3 పడుతోంది, దాని పైన ప్రతి లావాదేవీకి ఒక చిన్న స్థిరమైన మొత్తం. పెద్ద బిల్లులో ఆ స్థిరమొత్తం కనపడదు. ఒక్క పాస్‌పోర్టు ఫోటో తీయించుకుని కార్డు ఇస్తే మాత్రం అదే భారమవుతుంది. అయినా "కార్డయితే ఇంత అదనం" అని మీ మీద వేయం. చిన్న బిల్లులకి కార్డు వద్దని కూడా అనం. అద్దెలాగే ఇది కూడా స్టూడియో నడిపే ఖర్చు, మా ధరల్లోనే సర్దుకుంటాం. డబ్బు ఇవ్వడానికి వచ్చిన మనిషిని, ఇచ్చే తీరు బాగాలేదని ఇబ్బంది పెట్టడం నాకు నచ్చదు.

కార్డులో నన్ను భయపెట్టింది కమిషన్ కాదు, వివాదాలు. కార్డుతో కట్టిన డబ్బు మీద మీరు మీ బ్యాంకులో అభ్యంతరం చెప్పొచ్చు. దానికి సాధారణంగా 120 రోజుల గడువుంటుంది. ముందుగా బుక్ చేసుకున్న పని జరగలేదనుకోండి, ఆ లెక్క కట్టిన రోజు నుంచి కాకుండా పని జరగాల్సిన రోజు నుంచి మొదలవుతుంది. అభ్యంతరం రాగానే డబ్బు మా ఖాతాలోంచి వెనక్కి పోతుంది, రుసుము పడుతుంది, ఒప్పందం కాగితం, మాట్లాడుకున్న మెసేజీలు, ఫోటోలు అందినట్టు రుజువు మేం పంపుకోవాలి. కిందటేడు ఒకసారి జరిగింది. ఫోటోలు తీసుకెళ్ళి చాలా ఇష్టపడ్డ మనిషే అభ్యంతరం పెట్టారు! ఫోన్ చేస్తే ఆయన కంగారుపడ్డారు. స్టేట్‌మెంట్‌లో కనిపించిన పేరు మా స్టూడియో పేరు కాదు, రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉన్న పేరు. ఎవరో తన కార్డు వాడేశారనుకుని బ్యాంకుకి చెప్పారు. ఆయన చేసింది సరైన పనే, పొరపాటు మాది. ఆ పేరు ఇప్పుడు మార్పించాం. మీ స్టేట్‌మెంట్‌లో మా బోర్డు మీదున్న పేరే వస్తుంది. ఇంకేదైనా పేరు కనిపిస్తే ముందు మాకు ఒక ఫోన్ చేయండి. మేం ఎత్తకపోతే మొహమాటపడకుండా బ్యాంకుకి చెప్పండి, ఆ హక్కు మీది.

ఇంకో విషయం ఒప్పుకోవాలి. దూరం నుంచి బుక్ చేసుకునేవాళ్ళు ఫోన్‌లో కార్డు నంబరు చెబితే, నేను పుస్తకంలో రాసుకుని తర్వాత మెషీన్‌లో కొట్టేవాణ్ణి. వెనకున్న మూడంకెలు కూడా. కార్డులు తీసుకునే ప్రతి వ్యాపారానికీ వర్తించే పీసీఐ డీఎస్ఎస్ అనే భద్రతా ప్రమాణం ఉంది, పెద్ద కార్డు సంస్థలు కలిసి పెట్టుకున్నది. లావాదేవీకి అనుమతి వచ్చాక ఆ మూడంకెలు ఎక్కడా దాచకూడదని అందులో స్పష్టంగా ఉంది. కాగితం మీద కూడా. నేను చదివింది ఆలస్యంగా. ఆ పేజీలన్నీ ముక్కలు చేసేశాను. మీలో ఎవరైనా నాకు అలా నంబరు చెప్పి ఉంటే, కార్డు మార్చుకోవడం మంచిది. ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి. ఇకనుంచి దూరంగా ఉన్నవాళ్ళకి పేమెంట్ లింకు పంపిస్తాం. నంబరు మీరే ఆ పేజీలో కొడతారు, అది మా కంటికి కనపడదు, మా దగ్గర ఉండదు.

బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ఎప్పటిలాగే ఉంటుంది, పెద్ద మొత్తాలకి నిజానికి మాకు అదే అన్నిటికంటే చవక. కానీ నా సొంత ఖాతాకి పంపడం ఆపేయండి. ఇంటి ఖర్చులూ స్టూడియో లెక్కలూ ఒకే చోట కలిసిపోవడం వల్ల ఒకరి దగ్గర బ్యాలెన్సు రెండోసారి అడిగాను. ఆయన ఓపిగ్గా రసీదు చూపిస్తే గానీ నాకు తెలియలేదు. అలాగే స్క్రీన్‌షాట్ పంపితే సంతోషం, కానీ మేం నమ్మేది మా స్టేట్‌మెంట్‌నే. మీ మీద అనుమానంతో కాదు. డబ్బు మీ దగ్గర కట్ అయి మధ్యలో ఆగిపోయిన సందర్భాలు రెండు చూశాం, స్క్రీన్‌షాట్ చూసి "వచ్చింది" అనేస్తే ఆ తర్వాత వెతికేవాళ్ళుండరు.

ఇది మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. "మా ఖాతా నంబరు మారింది, ఈ కొత్తదానికి పంపండి" అని మా పేరుతో ఈమెయిలో మెసేజో వస్తే పంపకండి. వ్యాపారాల ఈమెయిళ్ళలోకి దొంగతనంగా చొరబడి, సరిగ్గా బిల్లు వెళ్ళే సమయానికి ఖాతా నంబరు మార్చి పంపే మోసం చాలా దేశాల్లో ఉంది. అలా వెళ్ళిన డబ్బు వెనక్కి రాబట్టడం చాలా కష్టం. మీ దగ్గర ముందునుంచీ ఉన్న మా ఫోన్ నంబరుకి చేసి, నంబరు నోటితో చెప్పించుకున్నాకే పంపండి. ఆ మెసేజీలో ఉన్న ఫోన్ నంబరుకి మాత్రం చేయొద్దు.

నగదు తీసుకుంటాం. వరస నంబరున్న రసీదు అప్పటికప్పుడే ఇస్తాం, అది లేకుండా నగదు ఎవరి చేతిలోనూ పెట్టకండి, నా చేతిలో అయినా సరే.

"ఇప్పుడు ఫోటోలు, తర్వాత డబ్బు" అని మూడో సంస్థ ద్వారా వాయిదాలిచ్చే ఏర్పాటు గురించి కొందరు అడిగారు. ఆలోచించి వద్దనుకున్నాను. మాకు పడే కమిషన్ కార్డుకంటే ఎక్కువ, ఒక వాయిదా తప్పితే జరిమానా మీకు పడుతుంది, అప్పుడు మీరు మాట్లాడాల్సింది నాతో కాదు, ముక్కూమొహం తెలియనివాళ్ళతో. వాయిదాలు కావాలంటే నన్నే అడగండి. ఇద్దరం కూర్చుని తేదీలు రాసుకుందాం, వడ్డీ ఉండదు.

ఇప్పటికే సగం కట్టి బుక్ చేసుకున్నవాళ్ళు 14 మంది ఉన్నారు. మీ డబ్బు మొత్తం సోమవారమే కొత్త ఖాతాలో వేశాను. లైటు కోసం వాడినదాన్ని కూడా నా జేబులోంచి పూడ్చాను. కొత్త లెక్క ప్రకారం మీరు ఎక్కువ కట్టినట్టే కాబట్టి, ఆ 20 శాతం వెనక్కి కావాలా, అలాగే ఉంచమంటారా అని ఈ వారంలో ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. నా సొంత ఖాతా నంబరున్న పాత విజిటింగ్ కార్డు మీ దగ్గరుంటే పారేయండి. పొరపాటున అందులోకి ఎవరైనా పంపితే ఒక మాట చెప్పండి, అదే రోజు మీ పేరు మీద అడ్వాన్సు ఖాతాలోకి మార్చి రసీదు పంపిస్తాను.