తప్పు చోట వెల్డింగ్ చేసిన ఛాసిస్‌ను మార్చి ఇవ్వాలని కోరుతూ కిట్ కారు కంపెనీకి ఫిర్యాదు లేఖ

ఒంగోలు,
ప్రకాశం జిల్లా.

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: కిట్ కారు ఛాసిస్‌లో (కింది ఉక్కు చట్రంలో) వెనుక కుడివైపు బోల్టులు బిగించే పలక తప్పు స్థానంలో ఉండటం, ఆ లోపాన్ని కొనుగోలుదారుడే సర్దుకోవాలని మీరు జవాబివ్వడం గురించి.

ఆర్యా,

విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకునేందుకు నేను మీ దగ్గర తీసుకున్న రెండు సీట్ల కిట్ కారులో ఛాసిస్, ఫైబర్ బాడీ, స్టీరింగ్ సామాను, నట్లు, బోల్టులు మీరు పంపినవి. ఇంజన్, గేరుబాక్సు, వెనుక ఇరుసు, కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) మాత్రం మీ పుస్తకంలో రాసినట్లే పాత మారుతి ఓమ్ని వ్యానులోంచి నేను సమకూర్చుకున్నాను. బాడీని ఛాసిస్ మీద కూర్చోబెడితే కుడివైపు తలుపు సందు పైన 4, కింద 13 మిల్లీమీటర్లు వస్తోందని, తలుపు పడటం లేదని మీకు రాసినప్పుడు, ఇంట్లో బిగించుకునే బండికి ఇలాంటి సర్దుబాట్లు మామూలేనని, ఆకురాయితో బాడీ బోల్టు రంధ్రాన్ని సాగదీసుకోమని మీ సాంకేతిక విభాగం వారు జవాబిచ్చారు. ఆ జవాబు నాకు సమ్మతం కాదు.

సర్దుబాటు చేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఫైబర్ అంచులను అరగదీయడం, అద్దం ఇరుక్కుపోకుండా చుట్టూ రబ్బరుకు చోటు వదలడం, కీళ్ల కింద వాషర్లు పెట్టి తలుపును ఎత్తడం, స్టీరింగ్ రాడ్డు రాసుకునే చోట రంధ్రాన్ని కాస్త పెద్దది చేయడం కిట్ కొన్నవాడి పనే, అవన్నీ చేశాను. అయితే ఈ సర్దుబాట్లన్నింటికీ ఆధారం ఛాసిస్ మీది కొలతలు. ఆ కొలతలే తప్పినప్పుడు పైన ఎంత అరగదీసినా ఒక సందు మూసుకుని మరో సందు తెరుచుకుంటుంది తప్ప పని తెమలదు.

మొదట నేను కూడా బాడీనే అనుమానించాను, ఎందుకంటే రెజిన్ (ఫైబర్‌ను పట్టి ఉంచే జిగురు) పూర్తిగా గట్టిపడకముందే అచ్చులోంచి తీసిన ఫైబర్ వంగడం తెలిసిన విషయమే. అందుకే ఛాసిస్‌ను చీమకుర్తిలో బంధువుల గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌కు తీసుకెళ్లి, మట్టం చూసి పరిచిన పాలిష్ పలకల మీద నిలబెట్టి, ప్రతి బోల్టు రంధ్రం మధ్య నుంచి తూకం గుండు వేలాడదీసి, కింద పడిన గుర్తుల మధ్య దూరాలు కొలిచాను. ముందు సస్పెన్షన్ బోల్టు నుంచి కమాను కట్ట ముందు చివర బోల్టు వరకు ఎడమవైపు 1,800 మిల్లీమీటర్లు ఉండగా కుడివైపు 1,812 ఉంది. అడ్డకొలత ముందూ వెనుకా 1,000 మిల్లీమీటర్లే. మూల నుంచి మూలకు కొలిస్తే ఒకవైపు 2,059, రెండోవైపు 2,070 వచ్చాయి. కుడివైపు పలక 12 మిల్లీమీటర్లు వెనక్కి ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

లారీ ప్రయాణంలో ఛాసిస్ వంగి ఉండవచ్చని మీవారు ఫోనులో అన్నారు. ఛాసిస్ పైపు పొడవునా దారం లాగి చూస్తే అది తిన్నగానే ఉంది, వెల్డింగ్ మీది రంగు ఎక్కడా చిట్లలేదు, పైగా పైపు వెనుక చివర నుంచి పలక వరకు ఎడమవైపు 310 మిల్లీమీటర్లు ఉంటే కుడివైపు 298 మాత్రమే ఉంది. ఒంగోలు ఎండల ప్రభావం కావచ్చన్నది మీ రెండో వాదన. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు పెరిగితే రెండు మీటర్ల ఉక్కు సాగేది సుమారు అర మిల్లీమీటరు, అది కూడా రెండు వైపులా సమానంగానే సాగుతుంది. కొలిచిన టేపు కూడా ఉక్కుదే కనుక, ఆ అర మిల్లీమీటరైనా కొలతలో కనిపించదు.

కమాను కట్ట ముందు బోల్టూ, బాడీని పట్టి ఉంచే వెనుక బోల్టూ ఆ ఒక్క పలక మీదే ఉన్నాయి. ఆ మూలలో బాడీ బోల్టును వదులుగా వదిలేస్తే తలుపు సందు పైనుంచి కిందిదాకా సమానంగా వస్తోంది, బిగిస్తే మళ్లీ కింద వెడల్పుగా విచ్చుకుంటోంది. కాబట్టి బాడీలో దోషం లేదు.

మీ సలహా ప్రకారం బాడీ రంధ్రాన్ని సాగదీస్తే తలుపు పడవచ్చు, కానీ వెనుక ఇరుసు వంకర అలాగే ఉంటుంది. ఇరుసు అడ్డంగా తిన్నగా లేని ఎద్దుల బండి ఒక పక్కకే లాగినట్లు ఈ కారు కూడా లాగుతుంది, టైర్లు ఓరగా అరుగుతాయి. కమాను బోల్టు రంధ్రాన్ని 12 మిల్లీమీటర్లు సాగదీస్తే పలక అంచుకు ఇనుమే మిగలదు. మిగిలింది పలకను కోసి సరైన చోట మళ్లీ వెల్డింగ్ చేయించడం. లారీ బాడీలు కట్టే వెల్డర్లకు అది పెద్ద పని కాదు గానీ, ఛాసిస్ మీద బయట వెల్డింగ్ చేయిస్తే వారంటీ చెల్లదని మీ షరతుల్లోనే ఉంది. సరిచేసుకోమని మీరే చెప్పి, సరిచేస్తే బాధ్యత లేదని కూడా మీరే అనడం ఏ పద్ధతి?

బోల్టుల గురించి కూడా ఒక మాట. ఓమ్నిలో 1.25 మిల్లీమీటర్ల పిచ్ (మర చుట్ల మధ్య దూరం) ఉన్న చోట్లకు మీరు పంపిన 10 మిల్లీమీటర్ల బోల్టులు 1.5 పిచ్‌వి. తెలియనివారు బలవంతంగా బిగిస్తే మర చెడిపోతుంది. వీటిని కూడా మార్చి పంపగలరు.

ఈ కారును మా పొలంలో నడుపుకోవడానికే తయారు చేసుకుంటున్నాను, రోడ్డెక్కించే ఉద్దేశం లేదు. రోడ్డెక్కని బండికి ఇంత ఖచ్చితమైన కొలతలు ఎందుకని మీ ప్రతినిధి నవ్వారు. నేను చెల్లించిన ధరలో పొలం బండికని తగ్గింపేమీ లేదని ఆయనకు తెలియజేయగలరు.

ఛాసిస్‌ను మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని, పంపే ముందు మూల కొలతలు తీసిన కాగితంతో సహా కొత్తది ఇవ్వాలని కోరుతున్నాను. అది వీలుకాకపోతే పలకల స్థానాలు చూపే డ్రాయింగును, ఇక్కడ వెల్డింగ్ చేయించినా వారంటీ చెల్లుతుందన్న లిఖితపూర్వక హామీని, అందుకయ్యే ఖర్చును పంపండి. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా జవాబు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేస్తాను.

భవదీయుడు,
కిట్ కొనుగోలుదారు

జతపరిచినవి: బిల్లు నకలు, కొలతల పటం, తలుపు సందు ఫోటోలు, మీ జవాబు నకలు.