అది షాకు కాదురా చిన్నా

చిన్నా,

మొన్న ఫోన్లో "నాన్నకి కరెంటు పెట్టిస్తున్నావా అమ్మా" అని నువ్వు గొంతు పెంచేసరికి నాకు నోట మాట రాలేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

నాన్న డిప్రెషన్‌కి చేయిస్తున్నది టీఎంఎస్ అనే అయస్కాంత వైద్యంరా. షాకు వైద్యానికీ దీనికీ సంబంధం లేదు. అసలు అది కూడా సినిమాల్లో చూపించినట్టు ఉండదట, మత్తు ఇచ్చే చేస్తారట. దీనికైతే ఆ మత్తు కూడా అక్కర్లేదు. నేను పక్కనే కూర్చుంటున్నాను. తలకి ఎడమవైపు, కాస్త ముందుగా, ఒక తీగచుట్ట ఆనిస్తారు. అందులో కరెంటు ఇలా పారి అలా ఆగుతుంది. దాని అయస్కాంత శక్తి పుర్రె దాటి వెళ్లి, మెదడులో ఆ చోట చిన్న విద్యుత్తు పుట్టిస్తుంది. ఇంటర్లో నువ్వు ఫారడే సూత్రం వల్లె వేస్తుంటే నేను అప్పజెప్పించుకున్నానే, అదే ఇది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ వాళ్లు మొదట చేసి చూపించారు. డిప్రెషన్‌కి వాడటానికి అమెరికాలో 2008లోనే అనుమతి వచ్చింది.

మొదటిరోజు మోతాదు కట్టడానికి ఆ చుట్టని అటూ ఇటూ జరుపుతూ చూశారు. ఉన్నట్టుండి నాన్న కుడిచేతి బొటనవేలు దానంతటదే ఎగిరింది. ఆ వేలు కదలడానికి ఎంత బలం కావాలో చూసి, మనిషిని బట్టి లెక్క కడతారు. నాన్న ఆ వేలినే చూస్తూ ఉండిపోయారు. ఈ ఎనిమిది నెలల్లో ఆయన దేన్నయినా అంత శ్రద్ధగా చూడటం అదే మొదలురా.

తర్వాత వడ్రంగిపిట్ట పొడిచినట్టు టకటకమని చప్పుడు. చెవుల్లో బిరడాలు పెడతారు. రోజూ 37 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. తలనొప్పి వస్తోంది, నెత్తి చురుక్కుమంటోంది. ఎప్పుడో ఎవరికో ఫిట్స్ రావచ్చనీ, అందరికీ గుణం కనిపించదనీ డాక్టరుగారు దాచకుండా చెప్పారు. తలలో లోహం ఏమైనా ఉందా అని ముందే గుచ్చిగుచ్చి అడిగారు. రెండు రకాల మాత్రలు నెలల తరబడి వాడినా నయం కాకే ఇక్కడిదాకా వచ్చాం.

పద్దెనిమిది సిట్టింగులు అయ్యాయి. నిన్న పొద్దున కాఫీ ఇస్తే ఒక గుక్క తాగి "పంచదార ఎక్కువైంది" అన్నారు. ఏది పెట్టినా మాట్లాడకుండా మింగే మనిషి! వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఇంకా పన్నెండున్నాయి. మధ్యలో మానిపించమని మాత్రం అనకు. పండక్కి సెలవు పెడతానన్నావుగా, నాలుగు రోజులు ముందే రా. మనకిచ్చిన టైము పదకొండు గంటలు. నాన్నని నువ్వే తీసుకెళ్దువుగాని.

అమ్మ