విలీనమైన బడుల లెక్కలు బయటపెట్టండి

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ కార్యదర్శి గారికి,

ప్రాథమిక బడుల విలీనం వివరాలు కోరుతూ రాసిన లేఖలకు జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను.

విద్యా విధానాలను విశ్లేషించడం నా పని. ఎంత ఖర్చు తగ్గిందో చెబుతున్నారు, ఎందరు పిల్లలు బడి మానేశారో చెప్పడం లేదు. 1 నుంచి 5 తరగతులకు కిలోమీటరు లోపే బడి ఉండాలని 2010 నాటి కేంద్ర విద్యాహక్కు నిబంధనలు చెబుతున్నాయి. హైవే దాటాల్సిన బడికి ఆరేళ్ల పాపను ఒంటరిగా ఎవరు పంపుతారు? కూలికెళ్లే తల్లి పనైనా మానుకోవాలి, పాప చదువైనా మాన్పించాలి.

లెక్కలు లేకపోతే మా చర్చలన్నీ ఊహలే. ప్రజలపై ప్రభావం చూపే నిర్ణయాల వివరాలను అడగకముందే ప్రకటించాలని 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 చెబుతోంది. విలీనానికి ముందూ తర్వాతా ఉన్న హాజరు, దూరం, రవాణా వివరాలను బడివారీగా ప్రకటించండి. అంతవరకు కొత్త విలీనాలు ఆపండి.

ఇట్లు,
ఒక విద్యా విధాన విశ్లేషకురాలు