2024-25 వార్షిక నివేదిక: హవల్దార్ సాబ్ లేని మొదటి ఏడాది

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, మాజీ సైనిక సోదరులకు, దివంగత సభ్యుల సతీమణులకు, కుటుంబ సభ్యులకు నమస్కారాలు.

మన మాజీ సైనికుల సంఘం ఏడాది పనులను సభ ముందు ఉంచడం కార్యదర్శిగా నా విధి. అయితే ఈసారి నివేదికలో ఎక్కువ భాగం, వానాకాలం మొదట్లో మనకు దూరమైన మాజీ ఉపాధ్యక్షుల గురించే ఉంటుంది. మనమంతా హవల్దార్ సాబ్ అని పిలుచుకున్న ఆ పెద్దాయన వేసిన బాటలోనే ఈ ఏటి పనులన్నీ సాగాయి కనుక, సంతాప తీర్మానంతో సరిపెట్టడం తగదని కార్యవర్గం భావించింది.

ఐటీఐలో మెషినిస్ట్ ట్రేడ్ పూర్తిచేసిన వెంటనే ఆయన సైన్యంలో చేరి, సికింద్రాబాద్‌లో శిక్షణ పొంది, సైన్యంలోని ఇంజనీరింగ్ మరమ్మతుల విభాగమైన ఈఎంఈ కోర్‌లో పనిచేశారు. దెబ్బతిన్న ట్యాంకులను, తుపాకులను, వాహనాలను బాగుచేసి మళ్లీ రంగంలోకి పంపడం 1943లో ఏర్పడిన ఆ కోర్ బాధ్యత. 1971 డిసెంబరు యుద్ధంలో ఆయన పశ్చిమ సరిహద్దున షకర్‌గఢ్ వైపు, సెంచూరియన్ ట్యాంకుల దళానికి తోడుగా ఉన్న వర్క్‌షాపులో ఉన్నారు. లారీలో బిగించిన లేత్ (లోహాన్ని తిప్పుతూ కొలతకు చెక్కే యంత్రం) మీద, వెలుతురు బయటికి పొక్కకుండా తెరలు దించుకుని, తెల్లవారేలోపు కావలసిన పిన్నులు, బుష్‌లు (షాఫ్టు తిరిగే లోహపు తొడుగులు) తీసి ఇచ్చిన రాత్రుల గురించి, అడిగితే తప్ప ఆయన చెప్పేవారు కాదు. యుద్ధం తర్వాత లభించిన పశ్చిమీ స్టార్ పతకాన్ని జెండా పండుగ నాడు మాత్రమే ధరించేవారు.

పదవీ విరమణ తర్వాత, మాజీ సైనికులకు కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో ఉన్న 10 శాతం కోటాలో రైల్వేకు ఎంపికై, కాజీపేటలో మెషినిస్ట్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆపైన సోమిడిలో ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసి పాత లేత్ ఒకటి పెట్టుకున్నారు. ధర్మసాగర్, హసన్‌పర్తి వైపు రైతులు అరిగిన మోటారు షాఫ్టులు తెస్తే, పొలం ఎండకుండా ఆ రోజే సరిచేసి పంపేవారు. మిల్లీమీటరులో నూరో వంతును చూపే మైక్రోమీటరుతో కొలవనిదే ఏ పనీ చేతికిచ్చేవారు కాదు. షాఫ్టుకూ బుష్‌కూ మధ్య సందు ఎక్కువైతే మోటారు అదురుతుందని, తక్కువైతే వేడెక్కి పట్టేస్తుందని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు ఓపికగా చూపించేవారు. వారిలో పలువురు నేడు సొంత వర్క్‌షాపులు నడుపుకుంటున్నారు.

కాగితాల విషయంలోనూ ఆయనది అదే పట్టింపు. ఒక సభ్యుడు సైన్యంలోనూ, తర్వాత ప్రభుత్వ ఉద్యోగంలోనూ పెన్షన్ సంపాదించుకుని మరణిస్తే, ఆయన భార్యకు రెండు కుటుంబ పెన్షన్లూ పొందే హక్కు 2012 సెప్టెంబరు 24 నుంచి ఉంది. ఇది తెలియక ఒక్కదానితోనే కాలం వెళ్లదీస్తున్న తల్లుల ఇళ్లకు ఆయన స్వయంగా వెళ్లి, డిశ్చార్జి బుక్కు, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు), ఆధార్‌లలోని పేర్లూ పుట్టిన తేదీలూ సరిపోల్చి దరఖాస్తులు పెట్టించారు. అటువంటి మనిషి సతీమణి కాగితాలే పేరులో ఒక్క అక్షరం తేడా ఉందంటూ ఒక కార్యాలయం నుంచి పదే పదే తిరిగివచ్చాయి. ఎనభైకి దగ్గరపడిన ఆమెను క్యూలో నిలబెట్టినవారికి ఆ అక్షరం తప్ప మరేదీ కనబడకపోవడం మనసును కలచివేసింది. సభ్యుల పట్టుదల వల్ల ఆ పని పూర్తయిందని చెప్పగలగడం సంతోషం.

విజయ్ దివస్ నాడు, డిసెంబరు 16న, జరిపిన సంస్మరణ సభ ఈ ఏటి మన గర్వకారణం. కుటుంబ సభ్యులు ఆయన మైక్రోమీటర్లను, వెర్నియర్లను, గేజ్‌లను సంఘానికి అప్పగించగా, అదే రోజు వాటితో కొలతల తరగతి ప్రారంభించాము. ఐటీఐ విద్యార్థులు ఒక్కొక్కరు లేత్ మీద ఇనుప కడ్డీని ఇచ్చిన కొలతకు తీస్తే, మన పెద్దలు కొలిచి తప్పొప్పులు చెప్పారు. ఒక అమ్మాయి తీసిన ముక్క అందరికంటే సరిగ్గా వచ్చినప్పుడు సభంతా చప్పట్లు కొట్టింది. స్వయంగా వెళ్లి ఆహ్వానించిన అధికారులు మాత్రం ఒక్కరూ రాలేదు, కబురూ చేయలేదు.

స్థలమిచ్చిన పాఠశాల యాజమాన్యానికి, భోజనాలు చూసుకున్న మహిళా సభ్యులకు, షామియానా ఉచితంగా వేసిన సోదరునికి, హవల్దార్ సాబ్ లేత్‌ను విప్పి శుభ్రం చేసి తిరిగి బిగించిన పాత శిష్యులకు, చందాలిచ్చిన రైతులకు, రైల్వే మిత్రులకు, కరపత్రాలు అచ్చువేసిన ప్రెస్ వారికి హృదయపూర్వక ధన్యవాదాలు.

ఆదాయ వ్యయాల పట్టిక ఆడిటర్ సంతకంతో జతపరిచాము. దయచేసి పరిశీలించి ఆమోదించగలరు.

ఆదివారాల కొలతల తరగతికి, పెన్షన్ సహాయానికి పేర్లిచ్చిన సభ్యుల్లో చాలామంది జనవరి తర్వాత కనబడలేదు. బాధ్యతంతా ఇద్దరు ముగ్గురు వృద్ధుల మీదే పడింది, విద్యార్థులు వచ్చి తాళం చూసి వెనుదిరిగిన వారాలూ ఉన్నాయి. హవల్దార్ సాబ్ మోకాళ్ల నొప్పితో కూడా మానని పనిని ఆరోగ్యవంతులు మానడం నాకు కష్టంగా ఉంది. రాబోయే ఏడాది ఆ రెండు పనులకూ వంతుల పట్టిక ఈ సభలోనే ఖరారు కావాలని కోరుతున్నాను. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల (పెన్షన్‌దారు జీవించి ఉన్నారనే ధ్రువపత్రాల) పని మొదలయ్యేలోపు కనీసం ఆన్‌లైన్ తెలిసిన యువకులిద్దరు నిలకడగా రాగలమని మాటివ్వాలి.

ఇట్లు,
కార్యదర్శి