కిరాయి రూ.3,500 దాటితే చట్టం వర్తించదా?

సంపాదకులకు నమస్కారం.

దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతంలో పదకొండేళ్లుగా కిరాయి ఇళ్లలోనే కాపురముంటున్న నేను, ఇంటి యజమానులు ఇష్టానుసారం అద్దెలు పెంచుతున్న తీరును మీ పత్రిక ద్వారా ప్రభుత్వం దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మాది రెండు గదుల పోర్షన్. ఈ నెల ఒకటో తారీఖున కిరాయి ఇవ్వడానికి మేడమీదికి వెళితే, నోట్లు లెక్కపెట్టుకుంటూనే యజమాని ‘వచ్చే నెల నుంచి ఇంకో రెండు వేలు కలిపి ఇవ్వండి, కుదరకపోతే ఖాళీ చేయండి’ అన్నారు. పన్నెండు వేలున్న కిరాయి ఒక్క మాటతో పద్నాలుగు వేలయింది. పిల్లల చదువు మధ్యలో ఉండగా మేం ఇల్లు మారలేమని ఆయనకూ తెలుసు. ఇంతకుముందున్న ఇంట్లోనైతే, ఖాళీ చేసే రోజున రంగుల ఖర్చంటూ అడ్వాన్సులోంచి ఒక నెల కిరాయి పట్టుకున్నారు. మేం చేరినప్పుడు ఆ గోడలకు ఎవరూ రంగులు వేయించలేదు.

బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకుని, కిరాయితోనే వాయిదాలు తీర్చుకునే యజమానుల కష్టం నేనెరుగుదును. నా ఆవేదన చట్టం గురించే. మన రాష్ట్రంలో అద్దెల నియంత్రణకు 1960 నాటి చట్టముంది. కానీ నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇంటికి అది వర్తించదు; ఆ డబ్బుకు హైదరాబాద్‌లో ఒంటిగది దొరకడమే గగనం. పైగా దాదాపు అందరూ పదకొండు నెలల అగ్రిమెంటే రాయించుకుంటారు, అది ముగిసిన ప్రతిసారీ కిరాయి పెరుగుతుంది.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం, నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. ఒప్పందంలో వేరేగా రాసుకోనప్పుడు, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా తెలపాలి. తగాదా వచ్చినా నీళ్లు, కరెంటు ఆపకూడదు. పొరుగున ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త అద్దె చట్టం చేసుకుంది. తెలంగాణ ప్రభుత్వం కూడా ఈ నమూనాను అనుసరించి చట్టం తేవాలని, అంతవరకు ఆ 3,500 పరిమితినైనా నేటి కిరాయిలకు తగ్గట్టు సవరించాలని కోరుతున్నాను. మూడు నెలల ముందు నోటీసు అందితే మాలాంటివారు బడి సెలవుల దాకా ఆగి, మరో ఇల్లు చూసుకోగలుగుతారు. ఇప్పుడు మా చేతిలో ఉన్నది పన్నెండు రోజులే.

– ఒక కిరాయిదారు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్