చీకటి బండి గురించి నువ్వు అడిగినదానికి

హనుమకొండ,
మంగళవారం.

చిరంజీవి రజితకు నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మకు ఎడమ మోకాలు మెట్ల దగ్గర మొరాయిస్తోంది, అంతకుమించి ఏమీ లేదు. పాత ఇంటి కేసు మళ్లీ వాయిదా పడింది. రాజవ్వ పెద్దమ్మ జాతర నుంచి తెచ్చిన బంగారంలో, అదే ప్రసాదం బెల్లంలో, నీ వాటా స్టీలు డబ్బాలో పెట్టించాను. చీమలు డబ్బా చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాయి.

పండక్కి ముందు ఫోనులో నువ్వొక మాట అడిగావు. "నాన్నా, ముప్ఫై ఏళ్లు సినిమా హాల్లో ప్రొజెక్టరు తిప్పి జనాన్ని చీకట్లో కూర్చోబెట్టినవాడివి, మంచి డార్క్ రైడ్ ఎలా ఉండాలో నువ్వు చెప్పు" అన్నావు. డార్క్ రైడ్ అంటే మీరు కట్టే ఆ ఆటే కదా, జనాన్ని బండిలో కూర్చోబెట్టి చీకటి గదుల గుండా బొమ్మలు చూపిస్తూ తిప్పేది. ఇంతలో వెనక ఎవరో పిలిచారు. మళ్లీ చేస్తానని పెట్టేశావు. అడిగిన ప్రశ్నకు జవాబు బాకీ పెట్టుకోవడం నాకు అలవాటు లేదు, అందుకని రాస్తున్నాను. ఈ ఉత్తరానికి వేరే కారణం లేదు. సమ్మయ్య కొడుకు సికింద్రాబాద్ స్టేషన్లో ఎవరినో చూసి ఏదో అనుకున్నాడట, దానికీ దీనికీ సంబంధం లేదు.

ముందు కన్ను సంగతి. మ్యాట్నీకి ఎండలోంచి హాల్లోకి వచ్చినవాడు గుడ్డివాడితో సమానం. పక్కవాడి ఒళ్లో కూర్చున్నవాళ్లను నేను ప్రొజెక్టర్ క్యాబిన్ కిటికీలోంచి ఎంతమందిని చూశానో లెక్క లేదు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది. మీ రైడు మొత్తం ఐదారు నిమిషాలు. అంటే నువ్వు కష్టపడి వేయించిన రంగులు ఇంకా కన్ను తెరుచుకోని మనిషి ముందు నుంచి దాటిపోతాయి. కాబట్టి అసలు పని బండి ఎక్కకముందు, వరుసలో నిలబడినప్పుడే మొదలుకావాలి. రామప్పకు వెళ్లినప్పుడు నీకు చూపించాను, గుర్తుందా? బయట కళ్లు చెదిరే ఎండ, చూరు కిందికి రాగానే నీడ, రంగమండపంలో మసక, గర్భగుడి గడప దగ్గర దీపం. 1213 నాటి గుడి. వెలుగును ఒక్కసారిగా ఆర్పకుండా మెట్టుమెట్టుగా దించారు. అందుకే ఆ చిన్న దీపం అంత పెద్దదిగా కనబడుతుంది. మీ వాళ్లేమో ఎండలో గంటసేపు నిలబెట్టి, తలుపు తీసి, ఒక్కసారిగా నల్లటి గదిలోకి తోసేస్తారు. మీ వాళ్లు అంటే, నువ్వు ఇంకా అక్కడే ఉన్నావనుకుని అంటున్నాను.

రాత్రుళ్లు నిద్ర పట్టక ఈ రైడుల గురించి ఫోనులో చాలా చూశాను. 1928 ప్రాంతంలో అమెరికాలో లియాన్ కాసిడీ అనే ఆయన ఒంటి పట్టా మీద నడిచే బండికి పేటెంటు తీసుకున్నాడు. మెలికలు తిరిగిన రొట్టె పేరు, ప్రెట్జెల్, ఆ కంపెనీకి పెట్టుకున్నాడు. చిన్న కొట్టమంత స్థలంలో దారిని అటూ ఇటూ మెలిపెట్టడమే ఆయన తెలివి. మలుపు తిరిగేదాకా ముందున్నది కనబడదు. పైనుంచి వేలాడే దారాలు ముఖానికి తగిలితే చాలు, సాలెగూడు అనుకుని జనం కేకలు వేసేవారు. పైసా ఖర్చు లేని దారం చూడు, ఏం పని చేసిందో. చేర్యాల పటం కథ చెప్పేవాళ్లూ ఇంతే. పటాన్ని ఒక్కసారిగా పరిచి పెట్టరు. ఒక బొమ్మ విప్పుతారు, కథ చెబుతారు, తర్వాతి బొమ్మ చుట్టలోనే ఉంటుంది. అక్కడ జనం కూర్చుంటే పటం కదులుతుంది, మీ దగ్గర పటం ఉన్నచోటే ఉండి జనం కదులుతారు.

1969లో కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో తెరిచిన హాంటెడ్ మాన్షన్ నాకు బాగా నచ్చింది. బండ్లు గొలుసుకట్టుగా, ఎక్కేచోట కూడా ఆగకుండా నడుస్తూనే ఉంటాయి. సీటు గుల్లలా ఉండి పక్క చూపును మూసేస్తుంది, ఎటు తిప్పితే అటే చూడాలి. గానుగెద్దుకు గంతలు కట్టినట్టు. అక్కడి పెద్ద గదిలో దయ్యాలు నాట్యం చేస్తాయి కదా, ఆ కిటుకు చూడగానే తెలిసిపోయింది. నిలువెత్తు అద్దం, చీకట్లో దాచిన బొమ్మలు, వాటి మీద పడే వెలుగు. 1862లో లండన్‌లో పెప్పర్ అనే ఆయన వేదిక మీద చూపిన పాత విద్య. మా క్యాబిన్ కిటికీ అద్దంలో ముప్ఫై ఏళ్లు నేను చూసిందీ అదే. వెనక మిషనులో వెలుగు కోసం పెట్టిన కార్బన్ కడ్డీలు మండుతుంటే, తెర మీద హీరోయిన్ పక్కన నా మొహం గాల్లో తేలుతూ ఉండేది. అమ్మకు చెబితే నీ మొహానికి అదొక్కటే తక్కువ అంది.

మన కథ కూడా ఒకటి చెప్పాలి. నీకు తెలిసిందే అంటావు. నీకు తెలిసింది అమ్మ చెప్పే కథ, అందులో నేను తెలివితక్కువవాడిని. అసలుది విను. 1986 వినాయక చవితికి మన గల్లీ వాళ్లం యమలోకం గుహ కట్టాం. వెదురు బొంగులు, గోనె సంచులు, సంచుల మీద సున్నంలో మసి కలిపిన పూత. ఐలయ్య తను పనిచేసే రైసుమిల్లులో బస్తాలు మోసే ఇనుప బండిని బతిమాలి తెచ్చాడు. యాంగిల్ ఇనుము రెండు వరుసలు పరిస్తే అవే పట్టాలు. బండి మీద బెంచీ, బెంచీ మీద నలుగురు. మోటారు లేదు. నల్ల దుప్పటి కప్పుకుని వెనక నుంచి ఐలయ్యే తోసేవాడు. ఐదు మలుపులు. చిత్రగుప్తుడు, కాగే నూనె మూకుడు, గబ్బిలాలు, కుంభకర్ణుడు, చివర స్తంభం చీల్చుకుని నరసింహుడు. యమలోకంలో నరసింహుడికి ఏం పని అని పంతులు గారు అడిగారు. మా దగ్గర ఆ ముసుగు ఉంది అని చెప్పాం. ముసుగు వెనక సమ్మయ్య.

మూడు రోజులు జనం పడీపడీ నవ్వారు. ప్రతి మలుపులో ఎర్ర బల్బు వెలుగుతుంది, ప్రతి మలుపులో రేకు డబ్బా మోగుతుంది. రెండో మలుపుకే అందరికీ లెక్క తెలిసిపోయింది. పిల్లలు ముందుగానే చెవులు మూసుకుని, డబ్బా మోగగానే చేతులు తీసి చప్పట్లు కొట్టేవారు. నాలుగో రాత్రి కరెంటు పోయింది. బండి రెండో మలుపుకూ మూడో మలుపుకూ మధ్యలో ఆగింది. అందులో రాజవ్వ పెద్దమ్మ, ఆమె ఇద్దరు పిల్లలు, పక్కింటి కొత్త కోడలు. ఐలయ్యకు దారి కనబడక అలాగే నిలబడిపోయాడు. సమ్మయ్యకు తన వంతు వచ్చిందో లేదో తెలియక స్తంభంలోనే ఉన్నాడు. సాయంత్రం పడిన వాన నీరు పైన సంచుల్లో నిలిచి, ఒక్కో చుక్క బెంచీ మీద పడుతోంది. బయట నేను టార్చి వెతుక్కుంటున్నాను. లోపలి నుంచి ముందు నవ్వులు వినబడ్డాయి, తర్వాత గుసగుసలు, తర్వాత అవీ లేవు. అప్పుడు పెద్దమ్మ చాలా నెమ్మదిగా, "నా మెడ మీద ఎవరో ఊపిరి వదులుతున్నారు" అంది. అది ఐలయ్య ఊపిరే, పాపం బండి తోసి ఆయాసపడుతున్నాడు. కొత్త కోడలు పెట్టిన కేక చౌరస్తా దాకా వినబడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

కరెంటు వచ్చాక దిగినవాళ్లు దిగినట్టే మళ్లీ వరుసలో నిలబడ్డారు. మర్నాడు గబ్బిలాలు తీసేశాను. మూడో మలుపులో ఇక బొమ్మ లేదు, బల్బు లేదు, డబ్బా లేదు. అక్కడికి రాగానే తోపు తగ్గించి మనసులో పది లెక్కపెట్టు, ఏమీ చేయకు అని ఐలయ్యకు చెప్పాను. ఆ రాత్రి నుంచి మా గుహకు పేరు వచ్చింది. కుంభకర్ణుడు పాత కుంభకర్ణుడే, కానీ ఆ పది అంకెల తర్వాత చూస్తే ఆయన గురకకు కూడా జనం ఉలిక్కిపడ్డారు.

అక్కడితో ఆగితే బాగుండేది. పదికే ఇంత ఉంటే నలభైకి ఎంత ఉంటుందోనని నాకు ఆశ పుట్టింది. నిమజ్జనం ముందు రాత్రి నలభై లెక్కపెట్టమన్నాను. ఇరవై దాటేసరికి లోపల భయం పోయి అనుమానం వచ్చింది. బండి పాడైందా, తోసేవాడు ఉన్నాడా లేడా అని గట్టిగా అడగడం మొదలుపెట్టారు. ఒకాయన అగ్గిపుల్ల గీశాడు. చుట్టూ గోనె సంచులు, బిడ్డా! నేను పరుగెత్తి ట్యూబులైటు వేశాను. వేస్తే ఏముంది, సుతిలి తాళ్లు, మసి పూసిన సంచులు, ముసుగు నెత్తి మీదికి ఎత్తి బీడీ తాగుతున్న నరసింహస్వామి. ఆ బండిలో ఉన్న ఆరేళ్ల పిల్లవాడు సమ్మయ్యను చూసిన చూపు నేను మరిచిపోలేదు. అమ్మ చెప్పే కథ ఇక్కడి నుంచి మొదలవుతుంది.

ఆ అగ్గిపుల్ల ఇప్పటికీ కలలోకి వస్తుంది. 1984 మే 11న న్యూజెర్సీలోని ఒక పార్కులో నడిచి వెళ్లే దయ్యాల కోట కాలిపోయి ఎనిమిది మంది కుర్రవాళ్లు చనిపోయారు. ఎవరో దారి కనబడక వెలిగించిన లైటర్ గోడకు కొట్టిన స్పాంజికి అంటుకుందట. అంతకుముందు నేను అదృష్టవంతుడిని అనుకునేవాడిని, అది చదివాక ఎంత అదృష్టవంతుడినో తెలిసింది. నువ్వు ఏ గోడకు ఏం వాడుతున్నారో అడుగు. బయటికి దారి చూపే దీపం బొమ్మలకు అడ్డం వస్తోందని ఎవరైనా ఆర్పమంటే ఒప్పుకోకు. పెద్దవాళ్లు చెప్పారని తల ఊపే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. రాత్రిపూట లోపల పరీక్షలు చేసేటప్పుడు ఒంటరిగా వెళ్లవద్దు, అడుగు పట్టు లేని ఆ చెప్పులతో అసలే వద్దు. ఖాళీ కడుపుతో వెళ్లవద్దు. చూశావా, ఉపన్యాసం ఇవ్వకూడదనే మొదలుపెట్టాను.

తుపాకీతో గురి చూసి కొట్టే రైడు మీద నా అభిప్రాయం నీకు తెలుసు. నువ్వు తీసుకెళ్లిన దాంట్లో నేను అంకెలు చూశానే తప్ప బొమ్మలు చూడలేదు, పైగా నీ చేతిలో ఓడిపోయాను. దాని గురించి ఇంతే.

అసలు సంగతి ఆ ఖాళీ మలుపు. సినిమా నడిచినంతసేపూ తెర మీద దాదాపు సగం చీకటే, ప్రొజెక్టరులో వెలుగుకు షట్టరు రెక్క అడ్డం తిరుగుతూ ఉంటుంది. చూసేవాడికి అది తెలియదు, మధ్యలో ఉన్నది తానే పూరించుకుంటాడు. మీ రైడులోనూ మనిషి భయపడేది నువ్వు పెట్టిన బొమ్మకు కాదు, రెండు బొమ్మల మధ్య తను పూరించుకున్నదానికి. ఆ చోటు ఇవ్వాలి. కానీ ఎంత ఇవ్వాలో కొలిచి ఇవ్వాలి. పది అంకెలు దాకా కథలో ఉంటాడు. నలభై అయితే కథ వదిలేసి బండి తోసేవాడి కోసం వెతుక్కుంటాడు. రీలు చివర తెర కుడి మూలన చుక్క కనబడితే తర్వాతి రీలు ఉన్న పక్క మిషను మోటారు వేసి, రెండో చుక్క దాకా దాదాపు ఏడు సెకన్లు లెక్కపెట్టిన మనిషిని నేను. లెక్కపెట్టడం నా చేతిలో లేదు. నీ గొంతు విని నలభై ఆరు రోజులైంది. మెసేజీలు వస్తున్నాయి, కాదనను. బాగున్నా అని ఒకటి, బొటనవేలి బొమ్మ రెండు.

సమ్మయ్య కొడుకు మాట నేను నమ్మలేదు. వాడికి దూరపు చూపు సరిగా లేదు, పైగా బీడీ తాగిన నరసింహుడి కొడుకు. మంగళవారం మధ్యాహ్నం ముంబైలో ఆఫీసులో ఉండాల్సిన మనిషి సికింద్రాబాద్‌లో రెండు సంచులతో బెంచీ మీద ఎందుకు కూర్చుంటుంది, ఎవరినో చూసి నువ్వనుకున్నావు అని గట్టిగానే చెప్పి పంపాను. అమ్మకు చెప్పలేదు. కానీ నీలం సంచి పిడికి ఎర్ర దారం కట్టి ఉంది అన్నాడు. ఆ దారం వాడు పూరించుకున్నది కాదు. నువ్వు బయల్దేరిన రోజు అమ్మ కడుతుంటే పక్కన నేనే ఉన్నాను.

ఉద్యోగం ఉందా, మానేశావా అని నేను అడగడం లేదు. మా హాలు మూసేసిన రోజు నేను కూడా నాలుగు గంటలు భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చుని, సెకండ్ షో వదిలే వేళకు ఇంటికి వచ్చాను. అమ్మకు వారం తర్వాత తెలిసింది. అదీ నేను చెప్పలేదు, ఐలయ్య చెప్పాడు. స్టేషను నుంచి మధ్యాహ్నం గోల్కొండ ఎక్కితే టీ వేళకు కాజీపేటలో ఉంటావు. స్కూటరు బ్యాటరీ కొత్తది వేయించాను, ఎప్పుడంటే అప్పుడు రాగలను.

సకినాలు ఈ పార్సిల్‌తో పంపుతున్నాను. నూనె వాసన రాకముందే తిను, స్నేహితులకు అన్నీ పంచేయకు. చిరునామా పాతదే రాశాను. మారి ఉంటే కొత్తది పంపు, అమ్మకు తెలియకుండా కావాలంటే ఐలయ్య ఫోనుకు పంపు.

మీ నాన్న

మరిచాను. ఆ మంగళవారం మధ్యాహ్నం అన్నం తిన్నావా?