మా తాతయ్య లాగ్‌బుక్ చదివిపెట్టిన మీ అందరికీ

రెండు నెలల కింద మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్‌గా తను విమానం నడిపిన వివరాలు రాసుకున్న లాగ్‌బుక్ ఫోటోలు ఇక్కడ పెట్టి ఇది చదవడం ఎవరికైనా వచ్చా అని అడిగాను. ఒకరిద్దరు పలికితే చాలనుకున్నా. ఇవాళ మా ఇంట్లో ఇంత మందాన ఫైలు తయారైంది, అందులో ఒక్క ముక్క కూడా నా అంతట నేను కనుక్కున్నది కాదు, అందుకే ఈ పోస్ట్.

ముందు పేరు సంగతి చెప్పాలి. తాతయ్య రికార్డు కోసం మూడేళ్లు తిరిగా. ఒక ఆఫీసుకి రెండుసార్లు రాస్తే ఆ పేరుతో పైలట్ ఎవరూ లేరని ఒక్క లైను జవాబొచ్చింది, ఆ కాయితం అమ్మకి చూపించడానికి మనసొప్పక బీరువాలో పెట్టేశా. రిటైరైన వింగ్ కమాండర్ గారొకాయన (పేరు రాయొద్దన్నారు) నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న, "బాబూ, మీ ఇంటిపేరు ముందుంటుందా చివర ఉంటుందా?" అని. అంతే! మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు చివర. ఇంగ్లీషు వాళ్ల రికార్డులో చివర ఏదుంటే అదే ఇంటిపేరు. మేము 'వీ' అక్షరం కింద వెతుకుతుంటే తాతయ్య ఇన్నేళ్లూ 'ఆర్' కింద ఉన్నాడు. బ్రిటిష్ ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజిట్ పాత సంచికలు ఇంటర్నెట్లో ఎవరైనా ఫ్రీగా చూడొచ్చు, ఆ సాయంత్రమే దొరికింది. తెలుగువాళ్లెవరైనా ఇంట్లో వాళ్ల మిలిటరీ రికార్డు వెతుకుతుంటే దయచేసి రెండు రకాలుగానూ వెతకండి.

మెడల్ విషయంలో మేము చిన్నప్పట్నుంచీ తప్పుగానే విన్నాం. తాతయ్యకి డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనే సాహస పతకం) వచ్చిందని చుట్టాలందరూ అనేవాళ్లు. అది కాదని వింగ్ కమాండర్ గారు ఎంతో నెమ్మదిగా, నా మనసు నొప్పించకుండా చెప్పారు. వార్ మెడల్ రిబ్బన్ మీద, ఎరుపు నీలం తెలుపు చారల మధ్య, వేలిగోరంత కంచు ఆకు ఒకటి కుట్టి ఉంది, మేము అది అమ్మమ్మ ఏదో అలంకారానికి కుట్టిందనుకునేవాళ్లం. అది ఓక్ ఆకట. పై కమాండర్ పంపే నివేదికలో పేరు పెట్టి చెప్పినవాళ్లకి ఇస్తారట, మెన్షన్డ్ ఇన్ డిస్పాచెస్ అంటారు. డీఎఫ్‌సీ కాదని తెలిసి నాకేం తక్కువనిపించలేదు, నిజంగా ఏం వచ్చిందో తెలిసింది కదా, అది చాలా పెద్ద మాట నాకు.

ఇక లాగ్‌బుక్. ప్రతి లైను చివర డీసీఓ అని ఉంటే అదెవరో ఆఫీసరు పేరనుకున్నాం. 'డ్యూటీ క్యారీడ్ అవుట్', అప్పజెప్పిన పని పూర్తయింది అని అర్థమట. డీఎన్‌సీఓ అంటే పూర్తవలేదని. పైలట్ కాలమ్‌లో తన పేరుకి బదులు 'సెల్ఫ్' అని రాసుకున్నాడు, పేజీ నిండా అదే గుండ్రటి చేతిరాత. 1944 మొదట్లో ఆయన ఇండియన్ ఎయిర్‌ఫోర్స్ 6వ స్క్వాడ్రన్‌లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ నుంచి హరికేన్ అనే యుద్ధవిమానం నడిపేవాడు. వాళ్ల స్క్వాడ్రన్ కమాండర్ మెహర్ సింగ్ గారు, ఆ యుద్ధంలో మన ఎయిర్‌ఫోర్స్ మొత్తానికీ డీఎస్‌ఓ (డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్ అనే పెద్ద పతకం) వచ్చింది ఆయనొక్కడికే. వీళ్ల పని బాంబులెయ్యడం కాదు, చూసి రావడం. బర్మాలోని అరకాన్ కొండల మీద, బుథిడాంగ్, మాంగ్‌డా వైపు కిందుగా పోయి జపాన్ వాళ్లు ఎక్కడున్నారో కనిపెట్టి ఫోటోలు తెచ్చేవాళ్లు. రెండేసి విమానాలు వెళ్లేవి. ముందున్నాయన కిందకి చూస్తాడు, వెనకున్నాయన అటూ ఇటూ తిరుగుతూ ఆకాశాన్ని కాపలా కాస్తాడు, ఆ వెనకాయన్ని వీవర్ అంటారట. ముందున్నవాడు తన వెనక ఏముందో చూసుకోడు, చూసుకోలేడు కూడా, వీవర్‌ని నమ్మి కిందకి చూస్తూ పోవడమే.

లండన్‌లో చదువుకుంటున్న ఒకమ్మాయి నాలుగు శనివారాలు కేటాయించి స్క్వాడ్రన్ ఆపరేషన్స్ రికార్డ్ బుక్ పేజీలు సంపాదించి పంపింది. అందులో ఫారం 541 అని ఉంటుంది, ఏ రోజు ఏ విమానం ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు లేచింది ఎప్పుడు దిగింది అని. అమ్మా, నువ్వు నాకు చెల్లెలి వరసవి, నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీట్లేదు. ఆ పేజీల్లో ఫిబ్రవరి నెలంతా తాతయ్య పేరు కింద ఒకటే పేరు, వీవర్ పేరు. ఒక రోజు దాకా. ఆ రోజు తాతయ్య దిగిన టైము రాసుంది, వీవర్ దిగిన టైము గడి ఖాళీ. అదే రోజుకి తాతయ్య లాగ్‌బుక్‌లో మామూలుగానే డీసీఓ అని ఉంది, ఇంకేం రాసుకోలేదు.

ఆ వీవర్ పేరే మా పెద్ద మావయ్య పేరు. మా వంశంలో ఎవరికీ లేని బెంగాలీ పేరు. మావయ్య 1948లో పుట్టాడు, ఈ పేరెందుకు పెట్టావు నాన్నా అని చిన్నప్పుడు ఎన్నిసార్లడిగినా "మంచి పేరురా" అనేవాడట, అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. మొన్న రాత్రి ఫోన్లో ఆ పేజీ చదివి వినిపించా. చాలాసేపు అవతల్నుంచి మాట లేదు, లైను కట్టయిందేమో అనుకున్నా. తర్వాత "ఇంకోసారి చదువు" అన్నాడు.

వింగ్ కమాండర్ గారికి, చెల్లికి, చెదిరిపోయిన చేతిరాతని అక్షరం అక్షరం విప్పి రాసిచ్చిన మాస్టారికి, రాత్రి పన్నెండింటికి మెసేజ్ పెట్టినా జవాబిచ్చిన మీ అందరికీ మా అమ్మ తరఫున, మావయ్య తరఫున చేతులెత్తి దణ్ణం. మావయ్య ఆ పేజీని కళ్లజోడు లేకుండా కనపడేంత పెద్దగా ప్రింట్ తీయించమన్నాడు, రేపు కొరియర్ చేస్తున్నా.